ముందుకు వంగితే... సీటూ మారాలి!

సైకిల్ కొత్తది. ధర లక్షల్లో. చూస్తే విమానం రెక్కలా సన్నగా, నున్నగా ఉంటుంది. ఎక్కి, ముందుకు వంగి, మోచేతులు ఆనించి తొక్కుతుంటే రివ్వున దూసుకుపోతుంది. అంతా బాగానే ఉంది కానీ... ఓ అరగంట గడిచేసరికి సీటు దగ్గర మొదలవుతుంది అసలు కథ. ముందు నొప్పి, ఆ తర్వాత మంట, ఇంకాసేపటికి ఏకంగా తిమ్మిరి! 'కొత్తలో అంతేలే, అదే అలవాటవుతుంది' అని సర్దిచెప్పుకుంటారు చాలామంది. ఎవరినైనా అడుగుదామంటే సిగ్గు. ఇంట్లో చెబితే 'నీకెందుకొచ్చిన సైకిల్' అంటారేమోనని భయం. కొత్త సీటు మీద కాస్త నొప్పి పుట్టడం మామూలే, అది తగ్గిపోతుంది. తిమ్మిరి మాత్రం అలవాటు చేసుకోవాల్సింది కాదు. అది ఒళ్లు చేస్తున్న హెచ్చరిక!

ట్రయథ్లాన్... అంటే ఈత, సైక్లింగ్, పరుగు మూడూ ఒకదాని వెంట ఒకటి. మధ్యలో విరామం ఉండదు. 1978లో హవాయి దీవుల్లోని ఒవాహులో తొలి 'ఐరన్‌మ్యాన్' పోటీ పెడితే దిగింది 15 మంది, పూర్తిచేసింది 12 మంది. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు మరి! 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో తక్కువ దూరాలతో ట్రయథ్లాన్‌కి చోటు దొరికింది. మన దేశానికొస్తే గోవాలో 2019లో ఐరన్‌మ్యాన్‌లో సగం దూరం పోటీ మొదలైంది. 1.9 కిలోమీటర్లు ఈది, 90 కిలోమీటర్లు తొక్కి, 21.1 కిలోమీటర్లు పరిగెత్తాలి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చాక మనవాళ్లు సాధన చేసుకోవడానికీ ఓ చోటు దొరికింది.

మామూలు సైకిల్‌తో మొదలుపెట్టినవాళ్లు ఒకటి రెండు పోటీలయ్యాక ట్రయథ్లాన్ సైకిల్ మీద మనసు పడతారు. చిక్కంతా అక్కడే వస్తుంది. నిన్నటిదాకా వందేసి కిలోమీటర్లు హాయిగా తొక్కినవాళ్లు కూడా కొత్త సైకిల్ మీద పాతిక కిలోమీటర్లకే దిగిపోతారు. ఎందుకలా?

గాలితో పేచీ

గంటకు ముప్ఫై కిలోమీటర్ల వేగం దాటాక సైక్లిస్టుకి అసలు ప్రత్యర్థి గాలే. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. ఆ గాలికి ఎక్కువగా అడ్డుపడేది సైకిల్ కాదు, దాని మీద కూర్చున్న మనిషి. నిటారుగా కూర్చుంటే ఛాతీ తెరచాపలా గాలిని ఆపేస్తుంది. అదే ముందుకు వంగి, చేతులు దగ్గరకు చేర్చి, తల దించితే గాలి పక్కల నుంచి జారిపోతుంది. ఐరన్‌మ్యాన్ లాంటి పోటీల్లో ముందువాడి వెనక దాక్కుని గాలి తప్పించుకోవడం నిషేధం. కాబట్టి ఎవరి గాలి వాళ్లు చీల్చుకోవాల్సిందే. దానికోసమే హ్యాండిల్ మీద నుంచి ముందుకు పొడుచుకొచ్చే 'ఏరోబార్లు' పుట్టాయి. మోచేతులు మెత్తల మీద ఆనించి ఆ బార్లు పట్టుకుంటే వీపు దాదాపు నేలకు సమాంతరంగా వస్తుంది.

వీటి సత్తా ఏమిటో 1989లో ప్రపంచమంతా చూసింది. ఆ ఏడాది 'టూర్ ద ఫ్రాన్స్' చివరి రోజు నాటికి అమెరికన్ గ్రెగ్ లెమాండ్ ఫ్రాన్స్ వీరుడు లారెంట్ ఫిన్యాన్ కంటే 50 సెకన్లు వెనకబడి ఉన్నాడు. మిగిలింది వర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్లే. ఇక అయిపోయిందనుకున్నారంతా. కానీ ట్రయథ్లాన్ వాళ్లు వాడే ఏరోబార్లు బిగించుకొచ్చిన లెమాండ్, మూడు వారాల ఆ పోటీని 8 సెకన్ల తేడాతో గెలిచేశాడు!

దాదాపు అదే కాలంలో అమెరికాలో డాన్ ఎంప్‌ఫీల్డ్ అనే ఆయన మరో మార్పు చేశాడు. మామూలు రేసు సైకిల్‌ మీద ఏరోబార్లు బిగించి వంగితే తొడలు పొట్టకు నొక్కుకుంటాయి. అందుకని సీటునే ముందుకు జరిపాడు. మామూలు రేసు సైకిల్‌లో సీటు గొట్టం నేలతో 72 నుంచి 74 డిగ్రీల కోణంలో ఉంటే, ట్రయథ్లాన్ సైకిల్‌లో అది 76 నుంచి 80 డిగ్రీల దాకా ఉంటుంది. అంటే, మనిషి పెడళ్లకు వెనకగా కాకుండా దాదాపు వాటి పైనే కూర్చుంటాడన్నమాట. గాలిని తప్పించుకోవడానికి ఇది భేషైన ఏర్పాటు. కానీ ఒంటి బరువు పడే చోటు మారిపోయింది!

బరువు ఎక్కడ పడుతోంది?

పాలవాళ్లు, పోస్ట్‌మ్యాన్లు తొక్కే పాతకాలం సైకిల్ గుర్తుందిగా! వెడల్పాటి తోలు సీటు, దాని కింద స్ప్రింగులు. దాని మీద మనిషి కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంటాడు. అప్పుడు బరువంతా పిరుదుల కిందుండే రెండు గట్టి ఎముకల మీద పడుతుంది. మనం బల్ల మీద కూర్చున్నా వాటి మీదే కూర్చుంటాం. బరువు మోయడానికే పుట్టిన ఎముకలవి.

రేసు సైకిల్ మీద నడుము కొంచెం వంగుతుంది. బరువు కాస్త ముందుకు జరిగినా ఇంకా ఆ ఎముకలే చాలావరకు మోస్తాయి. పైగా చేతులు ఓసారి పైన, ఓసారి పక్కన, ఓసారి కింద పెడతాం. ఎత్తు వస్తే లేచి నిలబడి తొక్కుతాం. ఇలా కదిలినప్పుడల్లా ఒత్తిడి ఒకచోటు నుంచి ఇంకో చోటుకి మారుతుంటుంది.

ట్రయథ్లాన్ సైకిల్‌కి వచ్చేసరికి నడుముతో పాటు కటి ఎముకల గూడు మొత్తం ముందుకు తిరుగుతుంది. పిరుదుల ఎముకలు సీటు మీద నుంచి లేచిపోతాయి. బరువంతా ముందువైపు, తొడలు కలిసే చోట ఉండే సన్నటి ఎముకల మీదకీ వాటి మధ్యనున్న మెత్తటి భాగం మీదకీ వస్తుంది. జననాంగాలకూ మలద్వారానికీ మధ్యనుండే ఆ జాగాలోంచే ముఖ్యమైన నరాలు, రక్తనాళాలు వెళతాయి. మామూలు సీటు ముక్కు, అంటే ముందుకు పొడుచుకొచ్చిన సన్నని భాగం, సరిగ్గా అక్కడే నొక్కుతుంది. రక్తం సరఫరా తగ్గి, నరం నలిగితే వచ్చేదే తిమ్మిరి. కాలు మీద కాలేసుకుని చాలాసేపు కూర్చుంటే పాదం మొద్దుబారుతుంది చూడండి, అలాంటిదే ఇదీ. దానికి తోడు ఏరోబార్ల మీద మనిషి కదలడు. కదిలితే గాలి తగులుతుందని గంటల తరబడి బొమ్మలా ఉండిపోతాడు. ఐరన్‌మ్యాన్‌లో సామాన్యులకు సైకిల్ మీదే ఆరేడు గంటలు పడుతుంది. అంతసేపూ ఒకేచోట ఒత్తిడి పడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

పోలీసులు నేర్పిన పాఠం

'మగాడన్నాక ఆ మాత్రం ఓర్చుకోవాలి' అనుకునేవాళ్లు అమెరికా పోలీసుల కథ వినాలి. అక్కడ కొన్ని నగరాల్లో పోలీసులు సైకిళ్ల మీద గస్తీ తిరుగుతారు. తిమ్మిరెక్కుతోందంటూ వాళ్ల నుంచి ఫిర్యాదులు రావడంతో ఉద్యోగుల ఆరోగ్యాన్ని చూసే అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ 'నియోష్' రంగంలోకి దిగింది. 90 మంది పోలీసులకు ముక్కు లేని సీట్లిచ్చి ఆరు నెలలు వాడమంది. 2008లో ఫలితాలు బయటపెట్టింది. అంతకుముందు ఆరు నెలల్లో తిమ్మిరి ఒక్కసారీ రాలేదన్నవాళ్లు మొదట్లో 27 శాతమే. కొత్త సీటు వాడాక వాళ్లు 82 శాతమయ్యారు! ఆ మెత్తటి భాగం మీద ఒత్తిడి 66 శాతం తగ్గింది. స్పర్శ, లైంగిక సామర్థ్యం కూడా మెరుగయ్యాయి. ఆరు నెలల తర్వాత పాత సీటుకి తిరిగెళ్లింది ముగ్గురే. 2009లో ఆ సంస్థ, ఉద్యోగంలో భాగంగా సైకిల్ తొక్కేవాళ్లంతా ముక్కు లేని సీటు వాడితే మంచిదని సలహా ఇచ్చింది.

ఈ పోలీసులు పోటీల్లో పాల్గొనేవాళ్లు కాదు, ఏరోబార్ల మీద వంగేవాళ్లూ కాదు. వాళ్లకే అలా ఉంటే ముక్కు మీదే బరువంతా మోపే ట్రయథ్లాన్ సైక్లిస్టు సంగతి వేరే చెప్పాలా!

మెత్తగా ఉంటే హాయా?

నొప్పి అనగానే ముందు చేసే పని మందపాటి జెల్ కవరు కొని సీటుకి తొడగడం. చూడ్డానికి సబబుగానే ఉంటుంది కానీ పదినిమిషాల ప్రయాణానికే అది పనికొచ్చేది. ఎక్కువసేపు కూర్చుంటే ఎముకలు ఆ మెత్తలో దిగబడిపోతాయి. మధ్యలో ఉన్న జెల్ పైకి ఉబికి సరిగ్గా నొక్కకూడని చోటే నొక్కుతుంది. ఎముకకు గట్టి ఆసరా, మధ్య భాగానికి ఖాళీ... సీటుకి ఉండాల్సిన లక్షణాలు ఈ రెండూ.

అందుకే ట్రయథ్లాన్ కోసం ప్రత్యేకమైన సీట్లొచ్చాయి. కొన్నింటికి ముక్కు ఉండదు, ముందువైపు రెండు చీలికలుగా ఉంటాయి. కొన్నింటికి పొట్టి ముక్కు, మధ్యలో పొడవునా గాడి. ఇదేదో కొత్త ఆలోచన కూడా కాదు. 1890ల్లో సైకిల్ మోజు పెరిగినప్పుడే 'ఆరోగ్యకరమైన సీట్లు' అంటూ ముక్కు లేనివి, మధ్యలో చీల్చినవి అమెరికా, యూరప్ దుకాణాల్లో అమ్మారు.

ముక్కు లేని సీటు మీద కూర్చునే పద్ధతీ వేరే. దాని వెనక భాగం మీద కాకుండా ముందు అంచు మీదే కూర్చోవాలి. అందుకే దాన్ని పాత సీటు ఉన్న చోటే బిగిస్తే కుదరదు. ముందు భాగం లేదు కాబట్టి సీటును కొన్ని సెంటీమీటర్లు వెనక్కి జరపాలి, ఎత్తూ మళ్లీ చూసుకోవాలి. ఇది తెలియక 'వేలు పోసి కొన్నా, ఇదీ కుదర్లేదు' అని మూలన పడేసేవాళ్లు చాలామంది. తొడల లోపలివైపు ఒరుసుకుంటుంటే చీలికలు ఇంకా దగ్గరగా ఉన్న సన్నటి రకం వాడాలి. ఒకరికి నప్పింది మరొకరికి నప్పుతుందని లేదు. చెప్పుల జతలా ఎవరిది వాళ్లు చూసి కొనుక్కోవాల్సిందే. అందుకే పూర్తిగా కొనేముందు కొన్నాళ్లు వాడి చూసుకోనిచ్చే దుకాణమో, అరువిచ్చే స్నేహితుడో దొరికితే అదృష్టమే.

తప్పు సీటుదేనా?

ఒక్కోసారి సీటు మంచిదే అయినా, మిగతా కొలతలు తప్పి నేరం దాని మీద పడుతుంది. సీటు మరీ ఎత్తుగా ఉంటే పెడల్ అందుకోవడానికి నడుము అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగుడుకి చర్మం ఒరుసుకుపోతుంది. వెనక నుంచి ఎవరైనా చూసినా, ఫోన్లో వీడియో తీసినా ఇట్టే తెలిసిపోతుంది. ఏరోబార్లు మరీ దూరంగా ఉంటే వాటిని అందుకోవడానికి మనిషి ముందుకు జారుతూనే ఉంటాడు. మరీ కిందికుంటే నడుము వంగనివాళ్లకు బరువంతా ముక్కు మీదకొస్తుంది.

పోటీల్లో గెలిచేవాళ్ల ఫొటోలు చూసి మొదటి రోజే అంత కిందికి వంగాలనుకోవడం పొరపాటు. ఏరోబార్ల కింద బిళ్లలు వేసి ఎత్తు పెంచుకునే వీలుంటుంది. ఎత్తులో మొదలుపెట్టి, ఒళ్లు అలవాటు పడేకొద్దీ ఒక్కో బిళ్లా తీసేయొచ్చు. మూడు సెంటీమీటర్లు ఎత్తులో ఉన్నా కుదురుగా కూర్చున్నవాడు, కిందికి వంగి పది నిమిషాలకోసారి లేచేవాడికంటే ముందే గమ్యం చేరతాడు!

సీటు ముందుభాగాన్ని ఒకటి రెండు డిగ్రీలు కిందికి వంచితే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. అంతకంటే బాగా వంచితే జారిపోతారు. ఆ జారుడు ఆపడానికి భుజాలు, మెడ కష్టపడాలి. నొప్పి చోటు మారుతుంది తప్ప పోదు.

ఏది మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చాలి. సీటు ఎత్తు, వాలు, ఏరోబార్ల దూరం అన్నీ ఒకేరోజు తిప్పేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలీదు. మార్చేముందు పాత కొలత దగ్గర చిన్న టేపు ముక్క అంటించి, పుస్తకంలో రాసుకోవాలి. రెండు మూడుసార్లు తొక్కాక నిర్ణయానికి రావాలి. ఇదంతా మనవల్ల కాదనుకుంటే 'బైక్ ఫిట్' చేసే నిపుణులున్నారు. లక్షలు పోసి సైకిల్ కొన్నప్పుడు దానికయ్యే ఖర్చు దండగ కాదు.

నెమ్మదిగా... నెమ్మదిగా...

కొత్త సైకిల్ వచ్చిన ఆదివారమే వంద కిలోమీటర్లు కొట్టేయాలన్న ఉబలాటం సహజం. కానీ ముందువైపు ఎముకలు, వాటి మీది చర్మం ఇన్నాళ్లూ ఇంత బరువు మోసినవి కావు. మొదటి వారం మొత్తం ప్రయాణంలో ఏరోబార్ల మీద పది పదిహేను నిమిషాలు చాలు. వారం వారం కాస్త పెంచుకుంటూ పోవాలి. ప్రతి పది, పదిహేను నిమిషాలకోసారి పెడళ్ల మీద లేచి పది ఇరవై సెకన్లు నిలబడాలి. ఆగిన రక్తం మళ్లీ పరుగెడుతుంది. పోటీలో కూడా ఈ అలవాటు వదలకూడదు. అక్కడ పోయే సెకన్లకంటే తిమ్మిరెక్కి దిగిపోతే పోయే నిమిషాలెక్కువ.

ఇంట్లో స్టాండుకి బిగించి తొక్కేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. అక్కడ పల్లం రాదు, మలుపు రాదు, సిగ్నల్ దగ్గర దిగే పనీ ఉండదు. సైకిల్ పక్కలకు ఊగదు. చెమట మాత్రం ధారలు కడుతుంది. రోడ్డు మీద రెండు గంటలకొచ్చే బాధ అక్కడ అరగంటకే వస్తుంది. అందుకే గంట మోగేలా పెట్టుకుని మరీ లేవాలి.

చెమట, నీళ్లు, ఒరిపిడి

తిమ్మిరి నరాలది అయితే, పుండ్లు చర్మానివి. తడి, వేడి, రాపిడి మూడూ కలిస్తే చర్మం ఎర్రబడి, వెంట్రుకల కుదుళ్ల దగ్గర కురుపులు లేస్తాయి. మన ఎండల్లో ఇది మరీ ఎక్కువ. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ నిక్కరు కింద లోదుస్తులు వేసుకోకూడదు. వాటి కుట్లే కోసేస్తాయి. చర్మం ఒరుసుకునే చోట ముందుగానే ఇందుకోసం అమ్మే క్రీమ్ రాసుకోవాలి. దిగిన వెంటనే తడి నిక్కరు తీసేసి స్నానం చేయాలి. టిఫిను చేసి, పేపరు చదివి, అప్పుడు చూద్దాంలే అనుకుంటే కురుపులకు మనమే విత్తనం వేసినట్టు. ఉతక్కుండా రెండోసారి వేసుకోవడం అసలే వద్దు. కురుపు లేస్తే పిండకూడదు, అది మానేదాకా రెండు మూడు రోజులు సైకిల్‌కి సెలవివ్వాలి.

పోటీ రోజున మరో తిరకాసుంది. ఈతలో తడిసిన దుస్తులతోనే సైకిల్ ఎక్కాలి. ఆ 'ట్రై సూట్' ప్యాడ్ కూడా, పరుగుకు అడ్డం రాకూడదని పల్చగా కుడతారు. రోజూ మందపాటి ప్యాడ్‌తో సాధన చేసి, పోటీనాడు పల్చటి తడి దుస్తులతో కూర్చుంటే సీటు కొత్తగా తోస్తుంది. అందుకే అవే దుస్తులు వేసుకుని, తడుపుకుని మరీ ఒకటి రెండుసార్లు దూరం తొక్కి చూసుకోవాలి.

ఆడవాళ్లు చెప్పుకోలేక...

ఇది మగవాళ్ల బాధే అనుకుంటారు కానీ ఆడవాళ్లకూ అంతే. ఇంకా చెప్పాలంటే, వాళ్లు నోరు విప్పడం మరీ తక్కువ. బ్రిటన్ పారాలింపిక్ సైక్లిస్టు హన్నా డైన్స్ 2019లో తన కథను బహిరంగంగా చెప్పుకుంది. సీటు ఒత్తిడితో వచ్చిన వాపును ఏళ్ల తరబడి భరించి, చివరికి శస్త్రచికిత్స దాకా వెళ్లాల్సి వచ్చింది ఆమెకు. ఒకవైపే వాపు రావడం, మూత్రం పోసేటప్పుడు మంట, గంటల తరబడి స్పర్శ తెలియకపోవడం... వీటిని 'వ్యాయామం చేస్తే మామూలే' అని కొట్టిపారేయకూడదు. మధ్యలో వెడల్పాటి ఖాళీ ఉన్న సీటు, కాస్త ఎత్తు పెంచిన ఏరోబార్లు చాలామందికి ఊరటనిస్తాయి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

* దిగిన కొద్ది నిమిషాల్లో పోవాల్సిన తిమ్మిరి గంటలు గడిచినా పోకపోతే, లేదా తొక్కిన ప్రతిసారీ వస్తుంటే

* మూత్రం రావడం కష్టమైనా, అందులో రక్తం కనిపించినా

* లైంగిక సామర్థ్యంలో తేడా అనిపిస్తే

* సైకిల్ మీదే కాక మామూలుగా కుర్చీలో కూర్చున్నా నొప్పి పెడుతుంటే

* కురుపు చీము పట్టినా, జ్వరం వచ్చినా, గట్టి గడ్డలా తగిలినా

ఇందులో ఏది కనిపించినా ముందు సైకిల్ ఆపాలి. మగవాళ్లయితే యూరాలజిస్టునీ, ఆడవాళ్లయితే గైనకాలజిస్టునీ కలవాలి. 'ఎన్నాళ్లుగా తొక్కుతున్నారు, ఎలాంటి సీటు, ఎంతసేపటికి తిమ్మిరొస్తోంది' అన్నవి రాసుకెళితే వాళ్ల పని సులువవుతుంది.

ఇంటివాళ్లకూ ఓ మాట. తెల్లవారుజామునే లేచి సైకిల్ తీసే భర్తో, కూతురో, కొడుకో ఉంటే ఎన్ని కిలోమీటర్లు తొక్కారని మాత్రమే అడక్కండి. ఎలా ఉందని కూడా అడగండి. నొప్పి చెప్పుకోవడం చేతగానితనం కాదన్న ధైర్యం ఇంట్లోనే దొరకాలి. సీటు మార్చుకోవడానికి ఓ పూట పడుతుంది, కొలతలు సర్దుకోవడానికి ఓ నెల పడుతుంది. నలిగిన నరం కోలుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందో మాత్రం ఎవరూ చెప్పలేరు!